ఊరి చర్చి నుంచి హన్మకొండ హాస్టల్‌కి: ఒక ఫస్ట్ ఇయర్ అమ్మాయి కేస్

ప్రతి ఏడు జూన్, జులైలల్ల మాకు ఫోన్లు మొదలైతయి. దోస్త్‌లో, అంటే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లల్ల, సీటొచ్చిన పిల్లల అమ్మానాన్నలు, ఊరి పాస్టర్లు, ఒక్కోసారి మేనమామలు. అందరిదీ ఒకటే మాట, "అక్కా, మా బిడ్డ హన్మకొండకు వస్తాంది, లోకంల పడిపోకుంట జర చూస్కోండి". ఊర్ల నుంచి పిల్లలకు చెప్పి పంపే జాగ్రత్తలన్నీ కూడా ఈ పడిపోవుడు చుట్టే ఉంటయి. సినిమాలకు పోవద్దు, అబ్బాయిలతోని మాట్లాడొద్దు, ఫోన్ చూడొద్దు. ఆదివారం పొద్దున హాస్టల్ల లేచినంక ఎటు పోవాలె, రూమ్మేట్ ప్రసాదం తెచ్చి చేతిల పెడితే ఏమనాలె, ల్యాబ్ రికార్డ్ ఎట్ల రాయాలె, ఇవి మాత్రం ఎవ్వరూ చెప్పరు. నేను ఇన్నేళ్లల్ల చూసిన పిల్లల్లో ఏదో పెద్ద పాపంల పడి విశ్వాసం పోగొట్టుకున్నోళ్లు తక్కువ. ఇట్లాంటి చిన్నచిన్న వాటి దగ్గర ఏం చెయ్యాలో తెలవక, అడగడానికి మనిషి లేక, మెల్లగ ఊకున్నోళ్లే ఎక్కువ.

అందుకే ఒక కేస్ మొత్తం రాస్తున్నా. నేను ఇక్కడ ఉద్యోగం చేసుకుంట, సాయంత్రాలు, శనివారాలు డిగ్రీ పిల్లల మధ్య సేవ చేస్త. అమ్మాయిని అడిగి, ఆమె చదివి సరే అన్నంకనే పెడుతున్నా. పేరు రాయట్లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చిన. పాస్టర్లు, యూత్ లీడర్లు, పిల్లల్ని పంపే తల్లిదండ్రులు చదవాలని రాస్తున్నా కాబట్టి కొంచెం పెద్దగనే ఉంటది.

అమ్మాయి నేపథ్యం

భూపాలపల్లి దిక్కు ఊరు. బాపు సింగరేణిల కాంట్రాక్ట్ పని, అమ్మ పత్తి ఏరుడుకు, నాటుకు పోతది. ఇంట్ల ముందుగాల నమ్ముకున్నది అమ్మమ్మ, తర్వాత అమ్మ, ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నరు. బాపు క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు వస్తడు, ఎవర్నీ ఆపడు, తను మాత్రం తీసుకోలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తది. ఊరి చర్చి రేకుల షెడ్డు, అందరూ ఒకరికొకరు ఎరుక. సండే స్కూల్ పిల్లలకు కథలు చెప్పేది ఈమెనే, పాటల టైంల కంజీర కొట్టేది ఈమెనే. ఇంటర్ దాకా ఇంటికాడి నుంచే పోయి వచ్చింది. అంటే పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆమె ప్రార్థన చేసిందంటే పక్కన ఎవరో ఒకరు చేస్తుంటేనే చేసింది, చర్చికి పోయిందంటే ఇంట్లోళ్లు పోతుంటేనే పోయింది. ఇది తప్పు అంటలేను, మనందరం అట్లనే పెరిగినం. గని హాస్టల్‌కు రాగానే ఆ పక్కనున్నోళ్లు ఒక్కసారే లేకుండ పోతరు.

డిగ్రీకి హన్మకొండల బీఎస్సీ సీటు వచ్చింది. ఉండుడు నయీంనగర్ దిక్కు ప్రైవేట్ హాస్టల్ల, రూంకు నలుగురు. మిగతా ముగ్గురూ హిందువులు, ఒకామెది నర్సంపేట, ఒకామెది హుజూరాబాద్, ఒకామెది ములుగు.

ఫోన్ వచ్చింది అమ్మ దగ్గర నుంచి

క్లాసులు మొదలై కొన్ని వారాలైనంక వాళ్ల పాస్టర్ అయ్యగారు నా నంబర్ అమ్మకు ఇచ్చిండు. అమ్మ చెప్పింది ఇదీ, "బిడ్డ మారిపోయిందమ్మా, ప్రార్థన చేసినవా అంటే చేసిన అంటది గని గొంతుల తేడా కొడ్తాంది, ఎవలన్న పిలగాడు గిట్ల ఉన్నడో ఏమో". అయ్యగారిది ఇంకో మాట, విశ్వాసంల వెనుకంజ వేసినట్టున్నది అని. రెండూ వాళ్లకున్న భయాలు. అమ్మాయి దగ్గర విననంతవరకు నేను రెండిట్ల ఏదీ నమ్మను, ఇది ఈ పనిల ఉన్నోళ్లందరికీ చెప్తా, తల్లిదండ్రులు తెచ్చిన కారణంతోని పిల్లల దగ్గరికి పోవద్దు.

మొదటిసారి ఇంటికి భోజనానికి పిలిచిన. దేవుని సంగతి ఎత్తలేదు. మెస్ ఎట్లున్నది, బస్ పాస్ వచ్చిందా, ఇంగ్లిష్ మీడియం అర్థమైతాందా, ఇవే. ఇంటర్ తెలుగు మీడియంల చదివి వచ్చినందుకు కెమిస్ట్రీ క్లాస్‌ల సగం పోతాందని చెప్పి ఏడ్చింది. అదీ ఆమెకున్న అసలు బరువు, ఆ టైంకి. రెండోసారి తనే వచ్చింది, వచ్చి కూసొని చెప్పింది.

"అక్కా, నేను అమ్మకు అబద్ధం చెప్తున్న. ప్రార్థన చెయ్యక మస్తు రోజులైంది. దేవుని మీద నాకు కోపం ఏం లేదు. గని యాడ చెయ్యాలె? రూంల మోకాళ్లూని చేస్తే ముగ్గురు చూస్తరు. బాత్రూంకు లైను. డాబా మీదికి పోతే వార్డెన్ ఎవలతోని ఫోన్ మాట్లాడ్తున్నవ్ అంటది."

యాడ చెయ్యాలె, ఇదే ప్రశ్న. పిలగాడు లేడు, వెనుకంజ లేదు. జాగ లేదు, తోడు లేదు. దానికితోడు అమ్మకు రోజూ చెప్తున్న అబద్ధం లోపల లోపల తింటాంది, ఆ సిగ్గుతోని బైబిల్ ముట్టబుద్ధి కాట్లేదు. చాలామంది పిల్లల్ల నేను చూసేది ఇదే వరుస, ముందు టైం, జాగ పోతది, తర్వాత అబద్ధం, తర్వాత సిగ్గు, చివరికి "నేను అసలు విశ్వాసినేనా" అనే డౌటు. బయటికి కనపడేది ఆ డౌటే కాబట్టి మనం దానికి సమాధానాలు చెప్తాం, వాదనలు చెప్తాం, పుస్తకాలిస్తాం. ఈమెకు ఆ రోజు వాదన అక్కరలేదు.

ముందు అమ్మ దగ్గర అబద్ధం ఆపాలె అనుకున్నం. నా ముందే ఫోన్ చేసింది, "అమ్మా, కొన్ని రోజుల సంది చేస్తలేనే, జాగ దొరుకుతలేదు". అవతల అమ్మ కొంచెంసేపు ఏం మాట్లాడలే, తర్వాత "గదే ముందుగాల చెప్తే అయిపోవు గదనే" అన్నది. ఆ ఒక్క ఫోన్‌తోని సగం బరువు దిగింది, నేను చేసిందేం లేదు దాంట్ల.

తర్వాత జాగ సంగతి. రూమ్మేట్లకు తనే చెప్పాలె అని తనే అనుకుంది. రాత్రి లైట్ ఆర్పే ముందు కొంచెంసేపు బైబిల్ చదువుకుంట, కండ్లు మూసుకుంట, మీకేమన్న ఇబ్బందా అని అడిగింది. వాళ్లు ఏమంటరో అని ఆమె వారం దిగులు పడింది, వాళ్లేమో "చేస్కోయే, మేం గూడ అగర్‌బత్తి ముట్టిస్తం గదా పొద్దుగాల" అన్నరు, అంతే. ఫోన్ల బైబిల్ బదులు కాగితం బైబిల్ పెట్టుకొమ్మన్న, ఎందుకంటే ఫోన్ పట్టుకుంటే చూసేటోళ్లకు చాటింగ్ లెక్కనే ఉంటది, చదివేటోళ్లకు కూడా ఒక నోటిఫికేషన్ వస్తే అయిపాయె.

ఆదివారం

చర్చిలకు మన దగ్గర కొదువ లేదు. హన్మకొండల, వరంగల్‌ల, కాజీపేటల సీఎస్‌ఐ, బాప్టిస్టు, పెంతెకొస్తు, హెబ్రోను, ఫాతిమానగర్ దిక్కు కాథలిక్కులు, ఎవరికి ఏది కావాల్నంటే అది. ఈమె మొదటి వారాలల్ల ఒక్కో ఆదివారం ఒక్కో దగ్గరికి పోయింది. పెద్ద పెద్ద మందిరాలు, మంచి పాటలు, కీబోర్డ్, డ్రమ్స్. బయటికి వచ్చేటప్పుడు ఎవ్వరూ పేరు అడగలేదు. ఊర్ల ఒక్క ఆదివారం రాకుంటే సోమవారం పొద్దున ఇంటికి వచ్చి అడిగే చర్చిల పెరిగిన పిల్లకు ఇది ఎంత ఖాళీగ అనిపిస్తదో మనం ఊహించం.

నేను చెప్పింది ఒకటే, నువ్వు రాకపోతే ఎవరికో ఒకరికి తెలవాలె, అట్లాంటి చర్చి చూస్కో, నడిచిపోయే దూరంల, చిన్నదైనా పర్వాలేదు. దగ్గర్లనే ఒక చర్చి ఎంచుకుంది. అక్కడ ఒక టీచరమ్మ, ఆమె భర్త, మొదటి వారమే భోజనానికి తీసుకపోయిన్రు, ఇప్పటికీ నెలకొకసారి పిలుస్తరు.

ఇక్కడ ఒక్క మాట. 1910ల ఎడిన్‌బరోల జరిగిన మిషనరీల మహాసభల వి.ఎస్. అజరయ్య గారు మాట్లాడిన మాటలు మన చర్చిలల్ల చాలామందికి తెల్వదు. మీరు పేదలకు ఆస్తులు ఇచ్చిన్రు, ప్రాణాలు కూడా ఇచ్చిన్రు, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని తెల్లదొరల మొహం మీదనే అడిగిండు. రెండేళ్లకే, 1912ల, మన డోర్నకల్‌కు బిషప్‌గ వచ్చిండు, భారతీయుల్ల మొదటి ఆంగ్లికన్ బిషప్ ఆయననే. ఆయన అడిగింది దొరల్ని. ఇయ్యాల మన ఊర్ల నుంచి వచ్చిన పిల్లలు సిటీ చర్చి మెట్ల మీద నిలబడి అడుగుతున్నది కూడా అదే, నోరు తెరిచి అడగరు గని. యూత్ మీటింగ్‌కు లైటింగ్ పెట్టే పైసల్ల కొంచెం తీసి పిల్లలకు ఆదివారం అన్నం పెట్టండి, ప్రభువు పేర అడుగుతున్నా.

అన్నం అంటే గుర్తొచ్చింది. హాస్టల్ల వారానికొక్కసారి, ఆదివారం మధ్యాహ్నం చికెన్. పన్నెండున్నరకు పెడ్తరు, ఒంటిగంట దాటితే పులుసు మిగుల్తది. చర్చి అయ్యి నడుచుకుంట వచ్చేసరికి ఒంటిగంటన్నర. చదివేటోళ్లకు ఇది చిన్నగ అనిపించొచ్చు, వారమంతా నీళ్ల పప్పు తిన్న పిల్లకు చిన్నది కాదు. ఈమె ఎవరికీ చెప్పుకోలేదు, వచ్చి పులుసు పోసుకొని తినేది. కొన్ని వారాలకు నర్సంపేట అమ్మాయి గమనించి, తన ప్లేటుతోని పాటు ఇంకో ప్లేట్ల ముక్కలు వేయించుకొని, పైన ఇంకో ప్లేట్ బోర్లిచ్చి, రూంల మంచం కింద పెట్టి ఉంచింది. వార్డెన్ ఎవరికిరా అంటే "చర్చికి పోయింది మేడం, వస్తది" అని చెప్పిందట. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే. ఈమె చర్చికి పోతదనేది హాస్టల్ మొత్తానికి తెలిసింది ఆ ప్లేటు వల్లనే, సాక్ష్యం చెప్పి కాదు.

బతుకమ్మ

అదే నర్సంపేట అమ్మాయి బతుకమ్మ టైంకు వచ్చి, "మనం నలుగురం కలిసి పేరుద్దాం" అన్నది. ఈమెకు ఊర్ల ఎప్పుడూ ఈ చిక్కు రాలే, ఎందుకంటే చర్చి పిల్లలు ఆ తొమ్మిది రోజులు ఇంట్లనే ఉండేది, అందరికీ ఎరుకే. ఇక్కడ తన కోసం చికెన్ దాచిపెట్టిన పిల్ల అడుగుతాంది.

నా దగ్గరికి వచ్చి, "అక్కా, పోవాల్నా వద్దా, నువ్వే చెప్పు" అన్నది. నేను చెప్పలేదు. నాకు అభిప్రాయం లేక కాదు, నేను ఆడను, గౌరమ్మను పెట్టి పూజ చేసినంక అది నాకు పూజనే. గని నేను చెప్తే ఆమె నా మాట మీద నిలబడ్తది, రేపు నేను లేని దగ్గర మళ్ల ఎవర్నో అడుగుతది. అందుకే కూసొని దానియేలు మొదటి అధ్యాయం చదివినం. చదవండి, అది ఫస్ట్ ఇయర్ పిల్లల అధ్యాయమే. బబులోనుకు చెరపట్టి తీసుకపోయిన యూదా పిల్లలు, ఊరు కాని ఊరు, రాజు పెట్టే మెస్సు, కల్దీయుల భాష, వాళ్ల శాస్త్రాలు, కోర్సు మూడేండ్లు, మన డిగ్రీ లెక్కనే. పేర్లు కూడా మార్చిన్రు, ఆ కొత్త పేర్లల్ల వాళ్ల దేవుళ్ల పేర్లు కలిసి ఉన్నయి. దానియేలు పేరుకు ఒప్పుకున్నడు, చదువుకు ఒప్పుకున్నడు, భోజనం దగ్గర ఆగిండు. అన్నిటికీ కాదనలేదు, అన్నిటికీ సరే అనలేదు. ఆగిన దగ్గర కూడా కొట్లాడలే, నపుంసకుల అధిపతిని బతిమాలిండు, కావలి మనిషిని పదిరోజులు చూడమన్నడు.

తర్వాత కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు, రోమా 14. విగ్రహాలకు పెట్టినవాటి గురించి పౌలు ఒకే ముక్కల తేల్చడు. విగ్రహం వట్టిదే అంటడు, బజార్ల అమ్మేది అడగకుండ తిను అంటడు, ఇది బలి అర్పించింది అని ఎవరన్న చెప్తే, చెప్పినోని మనస్సాక్షి కోసం తినకు అంటడు, విగ్రహాల పూజల మాత్రం పాలుపంచుకోవద్దు అంటడు. అమ్మాయి ఒక్కో మాట నోట్ బుక్కుల రాసుకుంది.

ఆమె తీసుకున్న నిర్ణయం ఇది. పొద్దున వాళ్లతోని పోయి గునుగు, తంగేడు తెంపుకొచ్చింది, కట్టలు కట్టింది, గునుగు పూలకు రంగులద్దింది. ముందే చెప్పింది, "నేను పూలు తెస్త, మీతోని కూసుంట, గౌరమ్మను పెట్టినంక మాత్రం నేను చుట్టు తిరుగ, ప్రసాదం తీస్కోను, నన్ను బలవంతం చేయొద్దు, నాకు మీరంటే ఇష్టం లేక కాదు". హుజూరాబాద్ అమ్మాయి మొఖం మాడ్చుకుంది, రెండు రోజులు మాట్లాడలేదు. నర్సంపేట అమ్మాయి "సరే, మరి మా ఫోటోలు తియ్యి" అని ఫోన్ చేతికిచ్చింది. సద్దుల నాడు మలీద ముద్దలు తెస్తే, నైవేద్యం పెట్టకముందు తీసిన ముద్ద వేరే కట్టి తెచ్చిందట ఈమె కోసం. అది ఎవ్వరూ చెప్పలేదు ఆ పిల్లకు.

ఈ నిర్ణయంతోని ఊరి అయ్యగారు ఒప్పుకోలేదు, పూలు ముట్టుడు కూడా తప్పే అన్నడు. మా క్రైస్తవ విద్యార్థుల ఫెలోషిప్‌ల ఇంకో అమ్మాయి అయితే అది సంస్కృతి, నేను ఆడ్త అన్నది. ఇద్దర్నీ ప్రేమిస్తా. గని ఈమె గీసుకున్న గీత ఈమెది, వాక్యం చదివి, ప్రార్థన చేసి, భయం లేకుండ చెప్పింది. మేడారం జాతర బంగారం (సమ్మక్క సారలమ్మలకు పెట్టే బెల్లం) దగ్గర కూడా ములుగు అమ్మాయితోని అదే గీత, అదే మెత్తటి మాట. మళ్ల నా దగ్గరికి రాలేదు దాని గురించి.

బ్రౌన్ రింగ్

అన్నిటికన్నా కష్టమైంది ఇది, అందుకే వివరంగ రాస్తా.

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌ల సాల్ట్ అనాలిసిస్. ఎవరికి ఏ సాల్ట్ ఇచ్చిన్రో సీనియర్లకు ముందే ఎరుకుంటది, రంగు చూసి, డబ్బా నంబర్ చూసి చెప్పేస్తరు, సీనియర్ రికార్డ్ ముందు పెట్టుకొని గీతలు కొట్టి రాసుడే. ఒకనాడు నైట్రేట్ టెస్ట్. సాల్ట్ ద్రావణంల ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, టెస్ట్ ట్యూబ్ వంచి గోడ వెంబడి గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ మెల్లగ జారవిడిస్తే, రెండూ కలిసే దగ్గర గోధుమ రంగు రింగు రావాలె. బ్యాచ్‌ల ఎవ్వరికీ రింగ్ రాలేదు. అందరూ "బ్రౌన్ రింగ్ ఏర్పడినది, నైట్రేట్ ఉన్నది" అని రాసి సైన్ చేయించుకున్నరు. ఈమె మళ్ల చేసింది, మళ్ల రాలేదు. "రింగ్ రాలేదు" అని రాసింది.

సార్ అడిగిండు, అందరికీ వచ్చింది నీకెందుకు రాలేదని. ఈమె భయపడుకుంటనే, "రెండుసార్లు చేసిన సార్, రాలేదు" అన్నది. సార్ వచ్చి చూసి, ఫెర్రస్ సల్ఫేట్ సీసా తీసి చూసిండు. పాతది. అది ఎప్పటికప్పుడు తాజాగ కలుపుకోవాలె, నిలువ ఉంటే గాలి తగిలి ఫెర్రిక్ అయిపోతది, రింగ్ రాదు. అంటే ఆ రోజు ఎవరికీ వచ్చే ఛాన్సే లేదు, బ్యాచ్ మొత్తం రానిది వచ్చిందని రాసింది. సార్ అందరి రికార్డులు వాపస్ ఇచ్చి మళ్ల చెయ్యమన్నడు. పీరియడ్ అయిపోయింది, ఆ రోజు మార్కులు ఎవరికీ పడలేదు, ఈమెకు కూడా.

ఆ సాయంత్రం నుంచి బ్యాచ్ ఈమెతోని మాట్లాడలేదు. వాట్సాప్ గ్రూప్‌ల పేరు పెట్టకుండ పెట్టిన మెసేజ్‌లు, క్యాంటీన్ల పక్కన కూసోకపోవుడు, నోట్స్ అడిగితే "సార్‌నే అడుగు" అనుడు. నాలుగైదు వారాలు సాగింది. బతుకమ్మ దగ్గర ఆమె ఏం పోగొట్టుకోలే, ఇక్కడ పోగొట్టుకుంది. ఇంగ్లిష్ మీడియం పాఠాలు అర్థం కాని పిల్లకు తోటి పిల్లల నోట్స్ బంద్ అయితే ఏమైతదో చెప్పక్కరలేదు. ఫస్ట్ ఇంటర్నల్స్‌ల కెమిస్ట్రీ మార్కులు పడిపోయినయి.

ఇంటికి వచ్చి, "అక్కా, నిజం చెప్తే దేవుడు ఆశీర్వదిస్తడు అని సండే స్కూల్ల నేనే చెప్పిన పిల్లలకు" అన్నది. ఆ ఒక్క మాట అని ఊకున్నది. నేను కూడా ఏం చెప్పలేదు ఆ పూట. సెమిస్టర్ చివర్ల పెద్ద బహుమతి వస్తది అని చెప్పే హక్కు నాకు లేదు. దానియేలుతోని బబులోనుకు పోయినోళ్లల్ల ముగ్గురు అగ్నిగుండంల పడ్డరు, దేవుడు రక్షిస్తడు, ఒకవేళ రక్షించకపోయినా రాజు నిలబెట్టిన విగ్రహానికి మొక్కం అని ముందే చెప్పి పడ్డరు, దానియేలు మూడో అధ్యాయం. ఆ "రక్షించకపోయినా" మన పిల్లలకు మనం నేర్పట్లేదు. మన సాక్ష్యాలన్నీ ఫస్ట్ క్లాస్ వచ్చినోళ్లవి, జాబ్ వచ్చినోళ్లవి. నిజం చెప్పి మార్కులు పోయిన పిల్లను చర్చిల నిలబెట్టి సాక్ష్యం చెప్పించినమా ఎప్పుడన్న?

చేసింది మాత్రం చేసినం. ఫెలోషిప్‌ల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న సీనియర్ అక్క ఒకామె కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్ నుంచి వారానికి రెండు సాయంత్రాలు వచ్చి చెప్పింది, తెలుగుల అర్థం చెప్పి ఇంగ్లిష్‌ల రాయించింది. అదీ పరిచర్యనే, నా లెక్కల ప్రసంగం కన్నా తక్కువది కాదు. చదువు మీద శ్రద్ధ పెట్టుడు వేరు, భక్తి వేరు అనుకునే పిల్లలు మస్తుమంది ఉన్నరు మన దగ్గర, పరీక్షల ముందు ఉపవాసం ఉంటరు గని పుస్తకం తెరవరు, వాళ్ల మీద నాకు ప్రేమతోని కూడిన కోపం.

బ్యాచ్ మెల్లగ మామూలైంది. ఎవ్వరూ సారీ చెప్పలేదు. ఒకామె మాత్రం, అంతకుముందు పెద్దగ మాట్లాడనామె, నెక్స్ట్ ప్రాక్టికల్ నాడు వచ్చి ఈమె పక్క టేబుల్ దగ్గర నిలబడింది, "నీతోని చేస్త" అని. ఇప్పటిదాకా ఇద్దరూ ల్యాబ్ పార్ట్‌నర్లే.

సర్టిఫికెట్

ఇది రాయాల్నా వద్దా అని మస్తు ఆలోచించిన. అమ్మాయే రాయమన్నది, నా లెక్క ఎంతమంది ఉన్నరో అన్నది.

సెకండ్ సెమిస్టర్ల స్కాలర్‌షిప్ ఫారాల టైంల ఫెలోషిప్‌ల ఒక సీనియర్ తమ్ముడు గట్టిగ మాట్లాడిండు, చర్చికి వస్తూ ఎస్సీ సర్టిఫికెట్ మీద ఫీజు తీసుకునుడు దేవుని ముందు అబద్ధం అని. ఈమెది ఎస్సీ సర్టిఫికెట్. ఆ రాత్రి నిద్రపోలేదు. బ్రౌన్ రింగ్ దగ్గర మార్కులు పోయినా నిజం రాసిన పిల్లకు ఈ మాట ఎట్ల గుచ్చుకుంటదో చూడండి.

చట్టం సంగతి పిల్లలకు సరిగ చెప్పేటోళ్లు తక్కువ కాబట్టి రాస్తున్నా. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ముందు హిందువులకే ఎస్సీ హోదా ఉండె, 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిన్రు, క్రైస్తవుల్ని కలపలేదు. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు, కాబట్టి కోయ, లంబాడా పిల్లలు ఈ భయం పెట్టుకోవద్దు. ఎస్సీల నుంచి క్రైస్తవంలకు వచ్చినోళ్లు, వాళ్ల పిల్లలు మన రాష్ట్రంల బీసీ-సి కిందికి వస్తరు. 2024 నవంబర్‌ల సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేస్‌ల, క్రైస్తవం ఆచరించుకుంట రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకునుడు రాజ్యాంగాన్ని మోసం చేసుడే అన్నది.

నా మనసుల మాట చెప్తా, ఈ మూడో పేరా అన్యాయం అని నేను నమ్ముతా. చర్చికి పోయినంత మాత్రాన ఊర్ల ఆ బిడ్డను చూసే చూపు మారలేదు, అద్దె ఇంటికి పోతే కులం అడుగుడు మారలేదు. దీన్ని పరిశీలించడానికే 2022ల కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. చట్టం మారాలని కొట్లాడుదాం. గని మారేదాకా ఫారంల అడిగినప్పుడు నిజమే రాయాలె, ఇదీ నేను నమ్ముతా. ఈ రెండు మాటలు కలిపి చెప్పాలె పిల్లలకు. మొదటిది వదిలేసి రెండోది ఒక్కటే మైకుల అరిస్తే అది పద్దెనిమిదేళ్ల పిల్ల మీద బండ వేసినట్టే. ఆ తమ్ముడితోని విడిగ కూసొని ఇదే చెప్పిన, విన్నడు.

ఈమె సంగతికొస్తే, ఇది ఆమె ఒక్కదాని నిర్ణయం కాదు. అమ్మను, బాపును పిలిపించినం, అదాలత్ దగ్గర మాకు తెలిసిన అడ్వొకేట్ దగ్గరికి పోయినం. బాపు బాప్తిస్మం తీసుకోలేదు, హిందువుగనే ఉన్నడు, సర్టిఫికెట్ ఆయన తరఫుది, అమ్మాయి కూడా ఇంకా తీసుకోలేదు, కాబట్టి తీసుకున్న నాటికి సర్టిఫికెట్ల అబద్ధం లేదని చెప్పిండు. బాప్తిస్మం తీసుకుంటే మార్చుకోవాలె, అయితే కోర్టులు బాప్తిస్మం ఒక్కటే చూడవు, మనిషి ఏం నమ్మి ఎట్ల బతుకుతాందో కూడా చూస్తయి, నాన్చొద్దు అన్నడు.

బయటికి వచ్చినంక బాపు చాలాసేపు మాట్లాడలే. చాయ్ తాగి, "మా తాతలు పడ్డ బాధకు ఇచ్చిన కాయితం బిడ్డా అది. డిగ్రీ అయిపోయేదాక ఆగితే ఏం బోయింది?" అన్నడు. ఆ మాటల లోభం లేదు. ఆ మనిషి బొగ్గుల పని చేసి చదివిస్తున్నడు. అమ్మ ఏడుస్తాంది. అమ్మాయి, "బాపూ, స్కాలర్‌షిప్ కోసం నేను ప్రభువును లోపల దాచుకున్నట్టు అయితాంది. నువ్వు కోపం కాకు" అన్నది. బాపు కోపం కాలేదు, సరే అని కూడా అనలేదు. బాపు, బిడ్డ ఇద్దరూ ఒకే బస్సుల పోయిన్రు ఊరికి ఆ శనివారం.

నన్ను పాస్టర్లు అడుగుతరు, వెంటనే బాప్తిస్మం ఇప్పియ్యలేదు ఎందుకని. తండ్రిని గౌరవించుడు కూడా ఆజ్ఞనే. ఆయనను దాటిపోయి చేస్తే ఈమె విశ్వాసం ఇంట్ల తగాదా లెక్క మిగుల్తది, ఆయనకు కూడా ప్రభువు దగ్గరికి దారి మూసినట్టు అయితది. తన మనసు ఆమె దాచలేదు, అడుగుడు ఆపలేదు, ప్రతి పదిహేను రోజులకు ఇంటికి పోయి బాపుతోని కూసున్నది, పత్తి చేనుకు కూడా పోయింది.

ఇప్పుడు ఎట్లున్నది

ఈ రాస్తున్న టైంకి అమ్మాయి థర్డ్ సెమిస్టర్. కెమిస్ట్రీల పాసైంది, మంచి మార్కులేం కాదు. ఈ జులైల హాస్టల్‌కు కొత్తగ వచ్చిన ఇద్దరు చర్చి పిల్లల్ని ఆదివారం తనతోని తీసుకపోతాంది, మొదటి రోజే వాళ్ల రూమ్మేట్లకు చెప్పిపిచ్చింది ఎప్పుడు ప్రార్థన చేసుకుంటరో. ప్రార్థన రోజూ అయితాందా అంటే కాట్లేదు, పరీక్షల టైంల తప్పుతది, అమ్మ అడిగితే తప్పింది అనే చెప్తది. హుజూరాబాద్ అమ్మాయి రూం మారింది, కారణం ఇది కాదు అన్నది గని కొంత ఇదే అని ఈమెకు అనిపిస్తది, దాని గురించి బాధ ఉన్నది, ఇప్పటికీ ఆ అమ్మాయి పుట్టినరోజుకు మెసేజ్ పెడ్తది.

బాపు పోయిన నెల ఫోన్ చేసి, "నీ ఇష్టం బిడ్డా, గని పీజీ సీటు సంగతి గూడ ఆలోచించుకో" అన్నడు. ఆలోచించుకున్నదట. ఈ సెమిస్టర్ పరీక్షలైనంక ఊర్లనే, వాళ్ల చర్చిల బాప్తిస్మం, అయ్యగారు తారీఖు చూస్తున్నడు. అది అయిన వారంల మీసేవల బీసీ-సి కి అప్లికేషన్ పెడ్తరు, దానికి కావాల్సిన కాయితాలు అడ్వొకేట్ రాసిచ్చిండు. బీసీలకు కూడా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది కాబట్టి ఆదాయం సర్టిఫికెట్ కూడా కొత్తది తీయాలె. మధ్యల ఒక సెమిస్టర్ ఫీజు ఆగితే కట్టడానికి ఆ టీచరమ్మ వాళ్లు, మేము కొంచెం కొంచెం పక్కకు పెడ్తున్నం. బాప్తిస్మం నాడు బాపు వస్తడా రాడా తెల్వదు, రమ్మని అమ్మాయి అడిగింది, లీవు దొరికితే చూస్త అన్నడు.